కర్మవీర భావురావు పాటీలు

మరణించినవారి జ్ఞాపకము నిలుపుటకు మన పెద్దలు అనేక మార్గములు ఎంచుకొనిరి. కొందరు చెరువులు త్రవ్వించిరి. కొందరు బాటల కిరుప్రక్కల చెట్లు నాటించిరి. కొందరు బాటసారులకై సత్రములు కట్టించిరి. ధనవంతులు శిలావిగ్రహములు నిలిపిరి. ఇవన్నియు మంచి పనులే. కాని చదువుకొనవలెనను కోరిక యుండియు, తిండికి గతిలేక, పల్లెలో పశువులను కాచుకొనుచున్న బాలునకు విద్య చెప్పించుట అన్నింటికంటె గొప్ప స్మారకమని ఒక మహనీయుడు తలచెను. ఆ తలంపును నెరవేర్చుటకు ఆయన తన జీవితమంతయు ధారపోసెను. మహారాష్ట్రమున జన్మించిన ఆ మహనీయుడే కర్మవీర భావురావు పాటీలు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు, ధనికుడును కాడు. అయినను వేలకొలది పేద బిడ్డలు ఆయన మూలమున విద్యావంతులైరి.

భావురావు 1887వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన కొల్హాపూరు సంస్థానములోని కుంభోజ్ గ్రామమున జన్మించెను. తండ్రి పాయగౌండ పాటీలు, తల్లి గంగాబాయి. వారు జైన మతస్థులు. వ్యవసాయము వారి కులవృత్తి. పాయగౌండ రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగము చేయుచుండెను. ఉద్యోగరీత్యా ఆయన ఊరూరు తిరుగవలసి వచ్చుచుండెను. అందుచే భావురావు బాల్యము అనేక గ్రామములలో గడచెను. బాలునకు చదువుకంటె కుస్తీలయందును, ఈతయందును మక్కువ ఎక్కువ. దేహము బలిష్ఠము, స్వభావము మొండి. అన్యాయము కంటబడినచో సహింపలేకుండెడివాడు.

ఆ కాలమున అంటరానివారని సంఘము దూరముంచిన కుటుంబములవారు ఊరిబావిలో నీరు తోడుకొనుటకు వీలులేదు. వారి స్త్రీలు ఖాళీ కడవలతో బావికి ఎడముగా నిలిచి, పై కులములవారెవరైన దయతలచి నీరు పోయుదురేమో యని గంటల తరబడి వేచియుండెడివారు. ఒకనాడు భావురావు ఈ దృశ్యమును చూచెను. ఎండలో నిలిచిన ఆ తల్లులను ఎవరును పట్టించుకొనలేదు. బాలునకు పట్టరాని కోపము వచ్చెను. అందరికిని నీరీయని బావికి గిలక యెందుకని, దానిని విరిచి బావిలో పడవేసెనని చెప్పుదురు. పెద్దలు మందలించిరి. కాని ఆ స్త్రీల ముఖములు మాత్రము అతని మనస్సునుండి చెరగిపోలేదు.

ప్రాథమిక విద్య ముగిసిన పిమ్మట తండ్రి భావురావును కొల్హాపూరు పంపెను. అతడు రాజారామ్ ఉన్నత పాఠశాలలో చేరి, జైన విద్యార్థి వసతిగృహమున ఉండెను. అప్పుడు కొల్హాపూరును పాలించుచున్నవాడు ఛత్రపతి శాహూ మహారాజు. వెనుకబడిన కులములవారికి విద్య లేకున్నచో రాజ్యమునకు మేలు లేదని ఆయన గ్రహించెను. 1902వ సంవత్సరముననే ప్రభుత్వోద్యోగములలో సగము వెనుకబడిన వర్గములవారికి కేటాయించిన ప్రభువు ఆయన. పల్లెలనుండి పట్టణమునకు వచ్చిన బాలురకు బసయే పెద్ద చిక్కని తెలిసికొని, ఆయన వివిధ కులముల, మతముల విద్యార్థులకు వసతిగృహములు కట్టించెను. అంటరానివారని పిలువబడిన బాలురకు కూడ మిస్ క్లార్కు పేరుతో ఒక వసతిగృహము ఏర్పడెను.

ఆ వసతిగృహ ప్రారంభోత్సవమునకు భావురావు వెళ్ళెను. తిరిగి వచ్చినపిమ్మట స్నానము చేసి మైల పోగొట్టుకొనవలెనని జైన వసతిగృహ నిర్వాహకులు ఆదేశించిరి. మనుష్యులను తాకినంతమాత్రమున మైల యెట్లు కలుగునని భావురావు నిరాకరించెను. మడికట్టుకొని భోజనము చేయవలెనను నియమమును కూడ అతడు లెక్కచేయకుండెడివాడు. దానితో అతనిని వసతిగృహమునుండి వెడలగొట్టిరి. ఆ సంగతి తెలిసిన శాహూ మహారాజు అతనిని చేరదీసి తన యొద్ద ఉంచుకొనెను. ప్రభువు ఆదరణ లభించెను గాని, చదువు సాగలేదు. ఇంగ్లీషు ఆరవ తరగతి దాటకుండగనే భావురావు పాఠశాల విడిచెను. పాఠ్యపుస్తకములనుండి ఆయన నేర్చినది తక్కువ; శాహూ మహారాజును చూచి నేర్చినది ఎక్కువ. పేదబాలునకు పాఠశాల ఒక్కటియే చాలదు. తల దాచుకొనుటకు ఇల్లును, తినుటకు కూడును కూడ కావలెనన్న సత్యమును ఆయన అక్కడనే గ్రహించెను.

పిమ్మట భావురావు సతారా పట్టణమునకు వచ్చి, ఇండ్లలో పిల్లలకు పాఠములు చెప్పుచు జీవించెను. ఆ రోజులలో మహాత్మా జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజపు భావములు ఆయనకు పరిచయమయ్యెను. విద్య లేకపోవుటయే శ్రమజీవుల కష్టములకు మూలమని ఫూలే బోధించియుండెను. ఆ బోధ భావురావు హృదయమున నాటుకొనెను. మిత్రులతో కలిసి దుధ్‌గావ్ అను గ్రామమున ఆయన పేద విద్యార్థులకై ఒక ఆశ్రమము నెలకొల్పెను. అది చిన్న ప్రయత్నమే. కాని ముందు రానున్న మహాకార్యమునకు అదియే బీజము.

1914వ సంవత్సరమున ఆయనకు గొప్ప పరీక్ష వచ్చెను. కొల్హాపూరులో ఆంగ్ల రాజవంశీయుల విగ్రహమునకు ఎవరో తారు పూసిరి. అధికారులకు అణ్ణాసాహెబు లఠ్ఠే అను విద్యావంతునిపై అనుమానము కలిగెను. ఆయనకు వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పుమని భావురావును నిర్బంధించిరి. ఈ లఠ్ఠే మరెవరో కాదు. జైన వసతిగృహ నిర్వాహకుడుగా భావురావును వెడలగొట్టినవాడే. పగ తీర్చుకొనదలచినచో ఒక్క సంతకము చాలును. కాని భావురావు అబద్ధమాడుటకు అంగీకరింపలేదు. పోలీసులు ఆయనను చెరలో పెట్టి హింసించిరి. దెబ్బలు తిని, తిండి లేక శరీరము కృశించినను ఆయన మాట మార్చలేదు. తుదకు నిర్దోషియై విడుదల పొందెను. తనకు కీడు చేసినవాని విషయమున కూడ సత్యము తప్పరాదన్న ఆయన నిష్ఠ ఆనాడు అందరికిని తెలిసివచ్చెను.

చెరనుండి వెలువడిన పిమ్మట ఆయన కుటుంబపోషణకై వ్యాపారసంస్థలలో పని చేసెను. ఓగలే గాజు కర్మాగారమువారి వస్తువులను, కిర్లోస్కర్ కర్మాగారమువారి ఇనుప నాగళ్ళను ఊరూర తిరిగి అమ్మెను. ఇనుప నాగలి లోతుగా దున్నును, పంట పెంచును. అయినను రైతులు దానిని కొనుటకు జంకిరి. ఇనుము తగిలినచో భూమి విషమగునని కొందరు నమ్మిరి. లెక్క తెలియక షావుకారు వ్రాసిన పత్రముపై వ్రేలిముద్ర వేసి భూములు పోగొట్టుకొన్నవారు పెక్కురు. భావురావు వారి అరుగులపై కూర్చుండి కష్టసుఖములు విచారించెను. వారి రొట్టెలో భాగము పంచుకొనెను. క్రొత్త నాగలికంటె ముందు ఈ జనులకు అక్షరము కావలెనని ఆయన నిశ్చయించుకొనెను. నాగళ్ళు అమ్ముటకై తిరిగిన తిరుగుట వృథా కాలేదు. సతారా జిల్లాలో ఆయన కాలు మోపని పల్లె అరుదు; ఆయనను ఎరుగని రైతు అరుదు.

1919వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీ విజయదశమి. ఆనాడు కరాడ్ పట్టణమునకు సమీపమున గల కాలే గ్రామములో భావురావు రయత్ శిక్షణ సంస్థను స్థాపించెను. రయత్ అనగా మరాఠీ భాషలో సామాన్య ప్రజలు. మన రైతు అను పదమును ఆ మాటనుండి వచ్చినదే. శిక్షణ మనగా విద్య. సామాన్య ప్రజల విద్యకై ఏర్పడిన సంస్థ యగుటచే దానికా పేరు తగియున్నది. సంస్థకు గుర్తుగా మఱ్ఱిచెట్టును ఎంచుకొనిరి. మఱ్ఱి విత్తనము ఆవగింజ కంటె చిన్నది. కాని మొలచి పెరిగినచో ఊడలు దింపి, ప్రతి ఊడయు మరల ఒక మానై, ఎందరికో నీడనిచ్చును.

1924వ సంవత్సరమున సంస్థ ముఖ్య కార్యాలయము సతారాకు మారెను. అక్కడ భావురావు ఒక వసతిగృహము తెరచెను. ఆనాటి పల్లెలలో చదువు సాధారణముగా నాలుగు తరగతులతో ముగిసెడిది. ఆపై చదువవలెనన్న పట్టణమునకు పోవలెను. పట్టణములో బంధువులు లేని బాలునకు బస దొరకదు, అద్దె చెల్లింపలేడు, కులము తెలిసినచో ఇల్లిచ్చువారే లేరు. అందుచే తెలివిగల పిల్లలు కూడ నాలుగవ తరగతి కాగానే నాగలి వెనుక నడచుచుండిరి. భావురావు పల్లెలకు పోయి అట్టి బాలురను వెదకి తెచ్చెను. తన ఇంటికి మొదట తెచ్చిన బాలురలో అంటరానివాడని ఊరు వెలివేసిన బిడ్డయు ఉండెను. మరాఠా, జైన, ముస్లిము, దళిత బాలురందరును ఒక్క కప్పు క్రింద నివసించి, కలిసి వండుకొని, ఒక్క పంక్తిలో కూర్చుండి భుజించిరి. ఆ కాలమున అది సామాన్యమైన సాహసము కాదు.

ఇందరు పిల్లలను పోషించుట యెట్లు? భావురావుకు ఆస్తి లేదు. ఆయన పల్లెపల్లెకు తిరిగి గృహిణులను ఒక చిన్న ఉపకారము కోరెను. వంటకు ధాన్యము తీసినపుడెల్ల ఒక పిడికెడు గింజలు వేరుగా ఒక కుండలో వేయవలెను. కుండ నిండినపుడు అది విద్యార్థులకు చేరవలెను. ఒక పిడికెడు ఎవరికిని భారము కాదు. దరిద్రురాలైన స్త్రీయు తాను దాత్రినని తలయెత్తి నడువగలుగును. జొన్నలు, సజ్జలు, కూరగాయలు, వంటచెరకు ఇట్లు పల్లెలనుండి వసతిగృహమునకు చేరుచుండెను.

1927వ సంవత్సరమున మహాత్మా గాంధీ సతారాకు వచ్చి ఈ వసతిగృహమును దర్శించెను. అన్ని కులముల బాలురు ఒకే కుటుంబమువలె కలసిమెలసి యుండుట చూచి ఆయన మిక్కిలి సంతసించెను. వసతిగృహమునకు శ్రీ ఛత్రపతి శాహూ బోర్డింగు అని ఆయన చేతిమీదుగనే నామకరణము జరిగెను. శాహూ మహారాజు అప్పటికి అయిదు సంవత్సరముల క్రితము, 1922లో, స్వర్గస్థుడయ్యెను. తనను చేరదీసిన ప్రభువు పేరు, దిక్కులేని బాలురను చేరదీయు ఇంటికి పెట్టి భావురావు తన ఋణము తీర్చుకొనెను.

ఈ మహాకార్యములో సగము భారము వహించినది భావురావు ధర్మపత్ని లక్ష్మీబాయి. ఆమె కలిగిన ఇంట పుట్టినది. ఆచారవంతుల పెంపకములో పెరిగినది. తొలుత ఆమెకు అన్ని కులముల పిల్లలను తన వంటయింట చేరనిచ్చుట కష్టముగనే తోచెను. కాని తల్లిని విడిచి వచ్చిన పసివారు రాత్రులందు ఏడ్చుట ఆమె విన్నది. జ్వరము వచ్చిన బిడ్డ తలపై చేయి వేసినపుడు కులము గుర్తునకు రాలేదు. క్రమముగా ఆ పిల్లలందరికిని ఆమె తల్లియయ్యెను. వారికి రొట్టెలు కాల్చెను, తలలు దువ్వెను, చినిగిన బట్టలు కుట్టెను.

పిల్లల సంఖ్య పెరిగినకొలది ఖర్చు పెరిగెను. పుట్టింటివారు పెట్టిన బంగారు నగలను లక్ష్మీబాయి ఒకదాని వెంట ఒకటి అమ్మెను. గాజులు పోయెను, హారములు పోయెను. తుదకు ఆమె మెడలో మంగళసూత్రము మాత్రము మిగిలెను. ఒక పండుగ సమయమున భావురావు విరాళములకై ఊరూర తిరుగుచు ఇంట లేడు. వసతిగృహములో ధాన్యము నిండుకొనెను. పిల్లలు ఆకలితో ఉండిరి. ఊరిలో అప్పు పుట్టలేదు. హిందూదేశమున సౌభాగ్యవతియైన స్త్రీ మంగళసూత్రమును ప్రాణముతో సమముగా చూచుకొనును. భర్త బ్రతికియుండగా దానిని తీయుట అశుభమని భావించును. లక్ష్మీబాయికి ఆ విషయము తెలియకపోలేదు. అయినను ఆమె దానిని తీసి ఇచ్చి ధాన్యము తెప్పించెను. ఆ పూట పిల్లలు కడుపునిండ భుజించిరి. వారిలో ఎందరికో ఆ అన్నము ఎక్కడినుండి వచ్చెనో చాలకాలము తెలియనే లేదు.

ఇంటికి వచ్చిన భావురావు భార్య మెడ చూచి నిర్విణ్ణుడయ్యెను. చెరసాలలో దెబ్బలకు చలింపని ఆయన కన్నులు చెమర్చెను. ఆమె మాత్రము విచారపడలేదు. లక్ష్మీబాయి ఆ పిదప ఎక్కువ కాలము జీవింపలేదు. 1930వ సంవత్సరమున, భర్త నాటిన మొక్క ఇంకను మానుకాకమునుపే, ఆమె కన్నుమూసెను.

ఆమెకు స్మారకముగా ఏమి నిలుపవలెను? రాతి కట్టడమునకు భావురావు వద్ద ధనమును లేదు. దానియందు ఆయనకు నమ్మకమును లేదు. పిల్లల ఆకలి తీర్చుటయు, వారిని చదివించుటయు ఆగకుండ చూచుటయే ఆమెకు తగిన స్మారకమని ఆయన భావించెను. పిమ్మట ఆమె పేరున విద్యార్థుల సహాయమునకై ఒక సహకార పరపతి సంఘము వెలసెను. పై చదువులకు పోదలచిన పేద విద్యార్థి అక్కడ అప్పు పొందవచ్చును. చదువు పూర్తియై సంపాదన మొదలైన పిదప దానిని తిరిగి చెల్లించవలెను. ఆ సొమ్ముతో వేరొక విద్యార్థి చదువుకొనును. ఒక తల్లి ఒక పూట పెట్టిన అన్నము ఇట్లు తరతరములకు అందునట్లు ఏర్పాటు జరిగెను. దానము పుచ్చుకొన్నవాడు తల వంచుకొనును; ఋణము తీర్చినవాడు తల యెత్తుకొనును. తన విద్యార్థులు తల యెత్తుకొని తిరుగవలెననియే భావురావు కోరెను.

ఈ ఆత్మగౌరవమే ఆయన విద్యావిధానమునకు ఆధారము. సంపాదించుచు చదువుకొనుట అను పద్ధతిని ఆయన ప్రవేశపెట్టెను. విద్యార్థులు తెల్లవారుజామున లేచెడివారు. కొందరు పొలములో పలుగు, పార పట్టిరి, కొందరు బావులు త్రవ్విరి, కొందరు తిరుగళ్ళు త్రిప్పిరి, కొందరు వండిరి, కొందరు భవనములకు రాళ్ళు మోసిరి. ఎవరికిని పనికిరాదని విడిచిన రాతినేలలు వారి చేతులలో కూరగాయల తోటలయ్యెను. ఆ శ్రమకు వచ్చిన ఫలమునుండి వారి భోజనమునకును, చదువునకును వ్యయమయ్యెడిది. చదువుకొన్నవాడు మట్టి ముట్టరాదను దురభిప్రాయము అచ్చట నిలువలేదు. బ్రాహ్మణ బాలుడు చీపురు పట్టుటయు, దళిత బాలుడు వంటచేయుటయు అచ్చట విడ్డూరము కాలేదు.

పల్లెలలో పాఠశాలలు పెరుగవలెనన్న ఉపాధ్యాయులు కావలెను. పట్టణములలో చదివినవారు పల్లెలో నివసించుటకు ఇష్టపడరు. పల్లెబిడ్డయే పల్లెకు గురువు కావలెనని భావించి, 1935వ సంవత్సరమున భావురావు సతారాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నొకదానిని స్థాపించెను. అది తరువాత మహాత్మా ఫూలే పేరు ధరించెను. అందు శిక్షణ పొందినవారు మారుమూల గ్రామములకు పోయి గుడి మంటపములలోను, చెట్లక్రిందను బడులు నడపిరి. ఇట్లు వందలకొలది ప్రాథమిక పాఠశాలలు వెలసెను. స్త్రీల శిక్షణకై నెలకొల్పిన విద్యాలయమునకు శివాజీ తల్లియైన జిజామాత పేరు పెట్టిరి.

1940వ సంవత్సరమున సతారాలో మహారాజా సయాజీరావు ఉన్నత పాఠశాల ప్రారంభమయ్యెను. అందు విద్యార్థులు రుసుము లేకుండ, అచ్చటనే నివసించి, పని చేయుచు చదువుకొనిరి. బరోడా ప్రభువైన సయాజీరావు గాయక్వాడు అంతకు ముందటి సంవత్సరమే, 1939లో, పరమపదించెను. 1913వ సంవత్సరమున యువకుడైన భీమరావు అంబేడ్కరునకు విద్యార్థివేతనమిచ్చి అమెరికాకు పంపినవాడు ఆ ప్రభువే. అట్టి దాత పేరు పేద విద్యార్థుల పాఠశాలకు పెట్టుట ఎంతయు సముచితము.

దేశము స్వతంత్రమైన 1947వ సంవత్సరముననే సతారాలో ఛత్రపతి శివాజీ కళాశాల ఏర్పడెను. పని చేయుచు చదువుకొను విధానము ఇప్పుడు కళాశాల వరకును విస్తరించెను. ఆ రోజులలో ధనవంతుడొకడు పెద్ద మొత్తము విరాళమిచ్చెదననియు, కళాశాలకు తాను కోరిన పేరు పెట్టవలెననియు అడిగెనని చెప్పుదురు. సంస్థకు ధనము మిక్కిలి అవసరము. అయినను భావురావు ఆ విరాళమును త్రోసిపుచ్చెను. కావలసినచో తన తండ్రి పేరైన మార్చుకొందును గాని కళాశాలకు శివాజీ పేరు మార్చనని ఆయన తెలిపెనట. స్మారకము కొనుగోలు చేయు వస్తువు కాదని ఆయన అభిప్రాయము.

1948వ సంవత్సరము జనవరి 30వ తేదీన గాంధీ మహాత్ముడు హత్యకు గురియయ్యెను. దేశమంతయు శోకములో మునిగెను. భావురావు శోకించి ఊరకుండలేదు. మహాత్ముని స్మృతిచిహ్నముగా నూటయొక్క ఉన్నత పాఠశాలలు పల్లెలలో స్థాపించెదనని ప్రతిజ్ఞ చేసెను. అప్పటికాయనకు అరువదియేండ్లు. అదే కాలమున ప్రభుత్వమునకును ఆయనకును మధ్య మనస్పర్థలు కలిగి, సంస్థకు రావలసిన గ్రాంటు నిలిచిపోయెను. ఉపాధ్యాయులకు జీతములు లేవు. వసతిగృహములలో ధాన్యము లేదు. సంస్థ మూతపడునని అనేకులు భయపడిరి. కాని ఉపాధ్యాయులు జీతము లేకున్నను పాఠములు మానలేదు; పల్లెజనులు పిడికెడు గింజలు మానలేదు. చీపురు చేతబట్టి ఊరూర వీధులూడ్చుచు హితము బోధించిన సాధువు గాడ్గే మహారాజు సంస్థ పక్షమున ప్రభుత్వమునకు నచ్చజెప్పెను. గ్రాంటు మరల లభించెను. 1954వ సంవత్సరమున కరాడ్‌లో స్థాపించిన కళాశాలకు ఆ సాధువు పేరు పెట్టి సంస్థ తన కృతజ్ఞత వెల్లడించెను. నూటయొక్క పాఠశాలల ప్రతిజ్ఞయు నెరవేరెను. భావురావు మరణించునాటికి సంస్థ నడుపు ఉన్నత పాఠశాలలు నూటికి మించెను.

ఆయన వసతిగృహములో పెరిగిన బాలురు అనేక రంగములలో ప్రసిద్ధులైరి. వారిలో పి. జి. పాటీలు అను విద్యార్థి లండను నగరమున న్యాయశాస్త్రము చదివి బారిస్టరయ్యెను. కోరినచో న్యాయవాదిగా ధనము గడింపగలిగియు, ఆయన సంస్థకే తిరిగి వచ్చి అధ్యాపకుడై, తరువాత కొల్హాపూరులోని శివాజీ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరు పదవిని కూడ అలంకరించెను.

భావురావు వేషము మిక్కిలి నిరాడంబరము. ముతక ఖద్దరు బట్ట, భుజముపై గొంగళి, చేతిలో కర్ర, రొమ్ముపై వ్రాలు తెల్లని గడ్డము, చెప్పులు లేని కాళ్ళు. ఈ రూపముతో ఆయన వార్ధక్యమునందును పల్లెల వెంట నడచెను. ప్రజలు ఆయనను ప్రేమతో కర్మవీరుడని పిలిచిరి. 1959వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదమిచ్చెను. అదే సంవత్సరమున పూనా విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ప్రసాదించెను. ఉన్నత పాఠశాల చదువైన పూర్తిచేయని వ్యక్తికి విశ్వవిద్యాలయము ఇట్లు తలవంచెను. అప్పటికే ఆయన ఆరోగ్యము చెడియుండెను. 1959వ సంవత్సరము మే 9వ తేదీన పూనాలోని ససూన్ ఆసుపత్రిలో ఆయన కన్నుమూసెను. ఆయన సమాధి సతారాలో కలదు.

భావురావు స్థాపించిన విద్యాలయముల పేర్లు చూచినచో ఆయన స్వభావము తెలియగలదు. శాహూ, సయాజీరావు, ఫూలే, జిజామాత, శివాజీ, గాడ్గే మహారాజు: ఇవన్నియు ఆయన గౌరవించిన ఇతరుల పేర్లు. తాను ఎవరివలన మేలు పొందెనో, ఎవరివలన దేశము మేలు పొందెనో వారందరి జ్ఞాపకమును ఆయన పేదబిడ్డల చదువులో నిలిపెను.

ఆయన మరణానంతరము దేశము కూడ ఆయన చూపిన మార్గమునే అనుసరించినది. రయత్ శిక్షణ సంస్థ 2019వ సంవత్సరమున నూరేండ్లు నిండించుకొని, నేడు వందలకొలది విద్యాలయములు నడుపుచున్నది. 2021వ సంవత్సరమున సతారాలో ఆయన పేర ఒక విశ్వవిద్యాలయము ఏర్పడెను. పూనా విశ్వవిద్యాలయమువారు పేద విద్యార్థులకై కర్మవీర భావురావు పాటీలు పేరున ఒక పథకము నెలకొల్పిరి. ఆ పథకమున చేరిన విద్యార్థి రోజునకు కొన్ని గంటలు తోటలోనో, గ్రంథాలయములోనో, కార్యాలయములోనో పనిచేయును. ఆ పనికి వచ్చిన సొమ్ముతో చదువు సాగించుకొనును. పల్లెనుండి వచ్చిన ఎందరో బాలబాలికలు ఇట్లు ఎవరి ముందును చేయి చాపకుండ విద్య గడించిరి.

కాలము గడచినచో రాతి విగ్రహములు అరిగిపోవును. వాటిపై చెక్కిన అక్షరములు మాసిపోవును. కాని ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టి అక్షరము నేర్పినచో, ఆ బిడ్డ మరియొక బిడ్డకు నేర్పును. లక్ష్మీబాయి మంగళసూత్రముతో తెచ్చిన ధాన్యము ఆనాడే ముగిసెను. దానిని తిన్న బాలుర చదువు మాత్రము ముగియలేదు. మఱ్ఱి ఊడలవలె అది నేటికిని నేలకు దిగి, క్రొత్త మానులై నిలుచుచున్నది.